ఫోర్ కార్నర్సా, మెసా వెర్డేనా? ఒక్క రోజే ఉంటే ఏది మేలు?

వేసవి మొదలైతే చాలు, నన్ను అందరూ అడిగేది ఇదే. "అమ్మానాన్నలు వచ్చారు, కొలరాడో వైపు వెళ్తున్నాం. కొలరాడో, యూటా, అరిజోనా, న్యూమెక్సికో నాలుగూ కలిసే ఫోర్ కార్నర్స్ చూపించమంటారా, కొండ చరియల కింద పాతకాలపు ఇళ్లున్న మెసా వెర్డే నేషనల్ పార్కుకి తీసుకెళ్లమంటారా?" మేమూ మా అమ్మానాన్నలతో మొన్ననే ఆ రెండూ చూసొచ్చాం.

నా లెక్కలో దీన్ని తేల్చేది ఒక్కటే: అక్కడి నుంచి మీరు ఎటు వెళ్తున్నారు? కొలరాడోలోని కోర్టెజ్ ఊళ్లో పడుకుని మర్నాడు అరిజోనా-యూటా సరిహద్దులోని మాన్యుమెంట్ వ్యాలీకి బయల్దేరేవాళ్లకు ఫోర్ కార్నర్స్ దారిలోనే తగులుతుంది. సుమారు 40 మైళ్లు. అక్కడ యూఎస్ 160 రోడ్డు న్యూమెక్సికో మూలను మైలు కూడా లేనంత మేర తాకి అరిజోనాలోకి వెళ్లిపోతుంది. ఆ కాస్త ముక్కలోనే కుడివైపు మలుపు వస్తుంది. అంత దగ్గర నుంచి వెళ్తూ ఒక గంట ఆగకపోవడం అన్యాయం. అదే యూటాలోని మోయాబ్ వెళ్లేవాళ్లయితే రానూపోనూ 80 మైళ్లు అదనం. ఆ సమయమంతా మెసా వెర్డేకే ఇవ్వండి.

ఫోర్ కార్నర్స్‌లో ఉన్నది నేలలో పొదిగిన ఒక లోహపు బిళ్ల, చుట్టూ జెండాలు, స్థానిక నవాహో, యూట్ ఆదివాసీ తెగల వాళ్ల అంగళ్లు. అంతే. కానీ అంతా చదునుగా ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ ఒక కాలు యూటాలో, ఒక కాలు న్యూమెక్సికోలో పెట్టి ఫొటో దిగింది. నాన్న ఆ బిళ్ల చుట్టూ అడుగుకో రాష్ట్రం చొప్పున మూడు ప్రదక్షిణలు చేశారు. పిల్లల సంగతి చెప్పనే అక్కర్లేదు.

"అసలు బిళ్ల తప్పు చోట ఉందట కదా, రెండున్నర మైళ్లు తేడా అట" అని కొందరు వెళ్లడమే మానేస్తున్నారు. దయచేసి అది నమ్మకండి. సరిహద్దు రేఖాంశాన్ని చట్టంలో గ్రీనిచ్ నుంచి కాదు, వాషింగ్టన్ డీసీ నుంచి 32 డిగ్రీలు పడమరగా చెప్పారు. హద్దు గ్రీనిచ్ నుంచి సరిగ్గా 109 డిగ్రీల దగ్గర ఉండాలనుకునేవాళ్లకు ఫోన్‌లో ఆ అంకె కనిపించకపోవడానికి కారణం అదే. 1875లో రాయి పాతినప్పుడు వచ్చిన అసలు తేడా సుమారు 1,800 అడుగులు. అయినా అప్పటి సర్వేను ప్రభుత్వాలు ఒప్పుకున్నాయి కాబట్టి చట్టం దృష్టిలో హద్దు అక్కడే. కొలరాడో, న్యూమెక్సికో సరిహద్దు తగాదాలో 1925లో సుప్రీంకోర్టు కూడా పాత సర్వే వైపే నిలబడింది. మీరు కాలు పెట్టేది నిజమైన చోటే.

ఇక మెసా వెర్డే. రెండింట్లో ఒకటే చూడగలం అంటే నా ఓటు దీనికే. అక్కడి పాత ఇళ్ల సముదాయం క్లిఫ్ ప్యాలెస్‌లో సుమారు 150 గదులు, కొండ చరియ కింద, 1200ల నాటివి. ఎదురుగా నిలబడితే ఒక ఊరి జనం ఇప్పుడే పొలానికి వెళ్లినట్టుంటుంది. అయితే లోపలికి వెళ్లాలంటే రేంజర్ (పార్కు ఉద్యోగి) వెంట వెళ్లే టూర్ టికెట్ కావాలి. అవి 14 రోజుల ముందు ఆన్‌లైన్‌లో పెడతారు, వేసవిలో త్వరగా అయిపోతాయి. దారిలో నిచ్చెనలు ఎక్కాలి. అలాంటిదే ఇంకో కట్టడం బాల్కనీ హౌస్‌లో అయితే ఒక నిచ్చెనే 32 అడుగులు. పెద్దవాళ్ల విషయంలో టెన్షన్ వద్దు, ఎక్కలేనివాళ్లు వ్యూ పాయింట్ల నుంచి చూడొచ్చు. మా అమ్మ మ్యూజియం దగ్గర కూర్చుని ఎదురుగా కొండ చరియలో ఉన్న స్ప్రూస్ ట్రీ హౌస్ ఇళ్లని గంటసేపు చూసింది. అయితే పార్కు గేటు నుంచి అక్కడికే ముప్పావు గంట డ్రైవ్. కాబట్టి కనీసం సగం రోజు పెట్టుకోండి.

న్యూమెక్సికోలోని షిప్‌రాక్ కొండ గురించి కూడా అడుగుతుంటారు. అది నవాహోలకు పవిత్రం, ఎక్కనివ్వరు. దూరం నుంచే బాగుంటుంది, రోడ్డు మీద నుంచి చూస్తే చాలు.

నేషనల్ పార్క్ పాస్ మెసా వెర్డేలో చెల్లుతుంది. ఫోర్ కార్నర్స్ నవాహో నేషన్ (నవాహోల స్వపాలన ప్రాంతం) నడిపే పార్కు కాబట్టి అక్కడ చెల్లదు, మనిషికింత అని టికెట్ తీసుకోవాలి. మంచినీళ్లు కారులోనే పెట్టుకెళ్లండి. టైమ్ దగ్గర ఒక్క జాగ్రత్త: వేసవిలో అరిజోనా గడియారం కొలరాడో కంటే గంట వెనక ఉంటుంది, నవాహో నేషన్‌ది మాత్రం కొలరాడోతో సమానంగా నడుస్తుంది. ఫోన్ అరిజోనా టైమ్ చూపిస్తే నమ్మి ఆలస్యం చేయకండి, సాయంత్రం గేటు మూసేస్తారు.