జిమ్నీకి వెడల్పు టైర్లు, వీల్ స్పేసర్లు: కోనసీమ గట్ల మీద వాడి చూశాక

మా రొయ్యల చెరువులు సఖినేటిపల్లి మండలంలో, తారు రోడ్డు దిగి పంట కాలువ గట్టు వెంట బాగా లోపలికి వెళితే వస్తాయి. ఆ దారిలో తిరగడానికి తీసుకున్న అయిదు తలుపుల మారుతీ సుజుకీ జిమ్నీకి (నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందించగల చిన్న బండి), కంపెనీ ఇచ్చిన 195/80 ఆర్15 టైర్లు తీసి 215/75 ఆర్15 ఆల్ టెర్రైన్ టైర్లు, అంటే అన్ని రకాల నేలలకూ పనికొచ్చేవి, వేయించాను (మొదటి అంకె టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, చివరిది రిమ్ము కొలత అంగుళాల్లో). వాటితో పాటే ఒక్కో చక్రానికి 25 మిల్లీమీటర్ల మందం ఉన్న అల్యూమినియం స్పేసర్లు (చక్రాన్ని బయటికి జరిపే దిమ్మలు) కూడా పెట్టించాను. టైర్లు ఇప్పటికీ బండికే ఉన్నాయి, స్పేసర్లు మాత్రం మేత గోదాములో ఒక మూలన పడి ఉన్నాయి. అమ్మే వారు ఈ రెంటినీ జంటగా అమ్ముతారు కనుక కొనేవారు కూడా ఒకే గాటన కట్టేస్తారు. నిజానికి రెండూ చేసే పనులు పూర్తిగా వేరు.

ముందు టైర్ల సంగతి. లెక్క ప్రకారం పాత టైరు ఎత్తు 693 మిల్లీమీటర్లు, కొత్తది 703 పైచిలుకు. అంటే బండి నేల నుంచి లేచేది అయిదు మిల్లీమీటర్లే, స్పీడోమీటరులో వచ్చే తేడా ఒకటిన్నర శాతమే. ఎత్తు కోసం ఈ సైజు వేయించుకునేవారికి నిరాశ తప్పదు. దీని ప్రయోజనమంతా వెడల్పులోనూ, గాలి తగ్గించినప్పుడు టైరు నేల మీద పరుచుకునే తీరులోనూ ఉంది. నేను తారు రోడ్డు మీద గాలి పీడనం 26 పీఎస్‌ఐ ఉంచుతాను, అంతర్వేది వైపు తీరంలో పొడి ఇసుకలోకి దిగే ముందు 16కు తగ్గిస్తాను. పాత టైర్లతో మొదటి గేరులో మూలుగుతూ పోయిన చోట ఇప్పుడు రెండో గేరులో సాఫీగా పోతుంది. అయితే ఇందులో సగానికి పైగా ఘనత గాలి తగ్గించడానిదే అని నా నమ్మకం. పన్నెండు వోల్టుల చిన్న కంప్రెసరు బండిలో లేకుండా ఈ టైర్లు కొనడం డబ్బు దండగ.

బురద విషయం అంత సూటిగా తేలేది కాదు. పైన బురద, కింద గట్టి నేల ఉన్న చోట సన్నటి టైరే మేలు, ఎందుకంటే అది బురదను కోసుకుని అడుగున ఉన్న గట్టి నేలను పట్టుకుంటుంది. మన డెల్టాలో ఒండ్రుకు అలాంటి అడుగు అంత తేలిగ్గా దొరకదు. దమ్ము చేసే ట్రాక్టరుకు రబ్బరు చక్రాల పక్కన ఇనప చక్రాలు తగిలించేది కూడా బండి దిగబడకుండా తేలడానికే కదా! అందుకే లోతు బురదలో వెడల్పు టైరు నాకు నిజంగా పనికొచ్చింది. తొలకరి జల్లు పడి, గట్టు మీద పైపొర మాత్రమే తడిసి సబ్బులా మారిన రోజున మాత్రం అదే టైరు పాత దానికంటే ఎక్కువ జారింది. మన బంకమట్టి టైరు గాడుల్లో నిండిందంటే చక్రం నాలుగు చుట్లు తిరిగేసరికి అది ఆల్ టెర్రైన్ టైరో, అరిగిపోయిన టైరో చెప్పలేము. అప్పుడు బ్రేకు జోలికి పోకుండా, ఫోర్ వీల్ డ్రైవ్ ‘లో-రేంజి’లో (నాలుగు చక్రాలూ నెమ్మదిగా, బలంగా తిరిగే గేరులో) ఇంజను బిగువు మీదనే దిగాలి. 216వ జాతీయ రహదారి మీద, ముఖ్యంగా దిండి, చించినాడ వంతెన పరిసరాల్లో వాన నీరు నిలిచినప్పుడు, పాత వేగంతో వెళితే టైరు నీటి మీద తేలి స్టీరింగు ఒక్క క్షణం తేలికైపోవడం కూడా గమనించాను. మైలేజీ లీటరుకు ఒక కిలోమీటరు దాకా తగ్గింది, టైర్ల మోత పెరిగింది. ఈ రెండూ భరించదగినవే.

ఇక స్పేసర్లు. హబ్‌కూ చక్రానికీ మధ్య పెట్టే ఈ దిమ్మలు రెండు రకాలు; హబ్ అంటే ఇరుసు చివర చక్రాన్ని బిగించే భాగం. వట్టి పలక లాంటిది చక్రం వెనుక దూర్చి పాత స్టడ్లకే (హబ్ నుంచి పొడుచుకు వచ్చే మరల కడ్డీలకే) నట్లు బిగించేది ఒకటి. దీనిని నేను ఎవరికీ సలహా ఇవ్వను, ఎందుకంటే 12 మిల్లీమీటర్ల స్టడ్ మీద నట్టు కనీసం తొమ్మిది పది చుట్లు ఎక్కాలి, పలక మందం ఆ చుట్లను తినేస్తుంది. రెండోది తానే హబ్‌కు బిగుసుకుని, చక్రానికి తన సొంత స్టడ్లు అందించేది. నేను వాడినది ఈ రకమే, జిమ్నీ హబ్ కొలతకు సరిగ్గా కూర్చునేదే. దీని తయారీలో నాకు వంక కనిపించలేదు. చిక్కల్లా లోపలి నట్లు కంటికి కనబడకపోవడంలో ఉంది. వాటి బిగువు చూడాలంటే ప్రతిసారీ చక్రం ఊడదీయాలి. బిగించిన చోట గాలి గన్నుతో టకటకా కొట్టి పంపించారు. ఇంటికి వచ్చాక బిగువు కొలిచే టార్క్ రెంచితో చూస్తే ఒక్కో నట్టుది ఒక్కో బిగువు. సుమారు 100 న్యూటన్ మీటర్లకు అన్నిటినీ సమానంగా బిగించి, వంద కిలోమీటర్లలోపు మళ్లీ చూసుకోవడం ఎవరికైనా తప్పని పని.

స్పేసర్లతో బండి నిలకడ పెరుగుతుందంటారు. ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం సుమారు 1,400 మిల్లీమీటర్లు ఉన్న బండికి 50 మిల్లీమీటర్లు కలిస్తే మూడున్నర శాతం. విశాలమైన ఇసుక మేటల మీద ఏటవాలుగా పోయేటప్పుడు ఆ తేడా కొద్దిగా తెలిసింది. అయితే నా తిరుగుడంతా గట్ల మీద. మా చెరువు గట్టు పైభాగం చాలా చోట్ల రెండున్నర మీటర్లకు మించదు. మేత బస్తాలు తెచ్చే ట్రాలీ ఆటోలు దాని మీద రెండు గాడులు వేసి పెట్టాయి, గాడి దాటిన తరువాత ఉన్న అంచు ఊట నీటితో, పీతల బొరియలతో గుల్లబారి ఉంటుంది. టైరు వెడల్పు వల్ల పది, స్పేసరు వల్ల ఇరవై అయిదు, మొత్తం ముప్ఫై అయిదు మిల్లీమీటర్లు చక్రం అంచు బయటికి జరిగింది. దానితో అది గాడిలో కూర్చోకుండా సరిగ్గా ఆ గుల్ల మట్టి మీదికి ఎక్కసాగింది. వాన వెలిసిన తెల్లవారి వెళ్లి చూస్తే, గట్టు అంచు నా చక్రం జాడ వెంబడే బెత్తెడు వెడల్పున విరిగి చెరువులోకి జారిన చోట్లు కనిపించేవి. మైదానంలో నిలకడ ఇచ్చిన వెడల్పే గట్టు మీద ప్రమాదం తెచ్చింది.

మిగిలినవి చిన్న బాధలే, కాని రోజూ ఉండేవి. మడ్‌గార్డు దాటి బయటికి వచ్చిన చక్రం తలుపుల మీద, అద్దాల మీద, దారిన పోయేవారి తెల్ల పంచెల మీద సమదృష్టితో బురద చల్లేది, ఆ పంచెల వారి మాటలు ఇక్కడ రాయదగినవి కావు. స్టీరింగు పూర్తిగా తిప్పి వెనక్కి తీస్తే టైరు ముందు బంపరు మూలకు రాసుకునేది, స్పేసర్లు తీసేశాక అదే టైరు ఎక్కడా తగలడం లేదు. గోతిలో పడినప్పుడు స్టీరింగు చేతిలో గుంజేది కూడా తగ్గింది. చక్రం బయటికి జరిగితే బరువు బేరింగు మీద పడే తీరు, స్టీరింగు తిరిగే ఇరుసుకూ టైరు మధ్యకూ ఉన్న దూరం రెండూ మారతాయి. ముందు వైపు రెండు చక్రాలనూ కలిపే ఒకే యాక్సిల్ (సాలిడ్ యాక్సిల్) ఉన్న బండికి ఇది మంచిది కాదు.

అన్నిటికీ మించి ఉప్పు. రొయ్యల చెరువు నీరు, సముద్రపు గాలి, ఉక్కు హబ్, దానికి ఆనుకున్న అల్యూమినియం: ఇవి కలిసిన చోట తుప్పు ఊరుకోదు. తీయబోతే స్పేసరు కదల్లేదు. చెక్క దిమ్మ ఆనించి, సుత్తితో చుట్టూ తట్టగా తట్టగా ఊడి వచ్చిన దాని వెనుక సున్నం గుల్ల లాంటి తెల్లటి పొర పేరుకుని ఉంది. గోటితో గీస్తే పొడిపొడిగా రాలింది, కింద లోహం మీద గుంటలు పడ్డాయి. హబ్ ముఖానికి లోహాలు అతుక్కుపోకుండా చేసే యాంటీ సీజ్ గ్రీజు పలచగా పూసి, ఏటా విప్పి తుడిచేవారికి ఇంత దూరం రాకపోవచ్చు, ఆ గ్రీజు స్టడ్ల మరలకు అంటితే మాత్రం బిగువు లెక్క తప్పుతుంది.

చట్టం మాట కూడా చెప్పాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదంటుంది. 2019 సవరణతో చేరిన 182ఎ సెక్షన్‌లో అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు లేదా రెండూ ఉన్నాయి. బీమా సంస్థకు ముందే రాతపూర్వకంగా తెలిపి జవాబు దగ్గర ఉంచుకోవడం మంచిది.

టైర్లు కొనేవారు నాలుగు కాక అయిదు కొనాలి. జిమ్నీ ఫోర్ వీల్‌లో ముందు వెనుక యాక్సిళ్ల మధ్య వాటి వేగాల తేడాను సర్దే డిఫరెన్షియల్ లేదు కనుక, వెనుక తలుపుకు తగిలించిన పాత సైజు స్టెప్నీని ఒక చక్రానికి వేసి గట్టి రోడ్డు మీద ఫోర్ వీల్‌లో నడిపితే గేరు పెట్టె ఆ తేడాను మోయాల్సి వస్తుంది. 235/75 ఆర్15 ఇంకా అందంగా ఉంటుందనేవారు ఉన్నారు గాని, కంపెనీ రిమ్ము వెడల్పు అయిదున్నర అంగుళాలే కావడం వల్ల ఆ టైరు దానికి తగదు. దానికి రిమ్ములు కూడా మార్చాలి, ఆ ఖర్చుకు మా గట్ల మీద నాకు దక్కేదేమీ లేదు.