పబ్లికేషన్ 502: ఐవీఎఫ్ బిల్లులు ముందు పెట్టుకుని చదివిన పుస్తకం

అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ ఏటా ఉచితంగా విడుదల చేసే పబ్లికేషన్ 502, వైద్య ఖర్చులపై పన్ను మినహాయింపును వివరించే చిన్న పుస్తకం. 2024 సంవత్సరపు రిటర్న్ కోసం దీన్ని మొదటి నుంచి చివరి దాకా చదవవలసి వచ్చింది. మేము ఫీజు ఇచ్చి పెట్టుకున్న టాక్స్ ప్రిపేరర్, ఐవీఎఫ్ (సంతానం కోసం శరీరం బయట అండాన్ని ఫలదీకరించే చికిత్స) సొంత ఇష్టంతో చేయించుకునేది కనుక లెక్కలోకి రాదని ఫోన్‌లోనే తేల్చేశారు. నెలల తరబడి పొట్ట మీద ఇంజెక్షన్లు పొడుచుకున్న నా భార్య ఆ మాట విని చాలా సేపు మాట్లాడలేదు.

పుస్తకంలో మాత్రం సమాధానం సూటిగా ఉంది. సంతానం కలగని ఇబ్బందిని దాటడానికి మనకు గాని, జీవిత భాగస్వామికి గాని, మనపై ఆధారపడినవారికి గాని చేయించిన ఐవీఎఫ్ వంటి చికిత్సల ఖర్చు, అండాలను లేదా వీర్యాన్ని తాత్కాలికంగా నిల్వ ఉంచే రుసుముతో సహా, వైద్య ఖర్చేనని స్పష్టంగా రాసి ఉంది. పిల్లలు పుట్టకుండా గతంలో చేయించుకున్న ఆపరేషన్‌ను సరిచేసే శస్త్రచికిత్స కూడా ఇందులోకే వస్తుంది. సరోగసీకి మాత్రం ఈ వెసులుబాటు లేదు. ఆ చికిత్స పొందే స్త్రీ మనకు భార్య గాని, మనపై ఆధారపడిన వ్యక్తి గాని కాదన్న కారణాన్ని అక్కడే చెప్పారు. కాదనేటప్పుడు కారణం చెప్పడం ఈ పుస్తకంలో నాకు బాగా నచ్చిన గుణం. ఆ పేజీ ప్రింట్ తీసి బిల్లుల కవరు పైన పెట్టి ఇచ్చిన తరువాత ప్రిపేరర్ మా లెక్క మళ్లీ చేశారు.

అయితే ఖర్చు చేసినదంతా తగ్గిపోతుందని ఎవరూ ఆశపడకూడదు. సర్దుబాటు చేసిన స్థూలాదాయంలో, అంటే ఏజీఐలో, 7.5 శాతాన్ని దాటిన వైద్య ఖర్చే పనికివస్తుంది. అదీ స్టాండర్డ్ డిడక్షన్ (ఖర్చుల వివరాలు చూపకుండానే దొరికే స్థిర మినహాయింపు) వదులుకుని, ఖర్చులను విడివిడిగా చూపే షెడ్యూల్ ఏ ఫారం నింపేవారికే. ఉదాహరణకు, ఏజీఐ 1,20,000 డాలర్లు ఉన్న దంపతులు సొంత డబ్బు 26,000 డాలర్లు ఖర్చు పెడితే, మొదటి 9,000 పోగా 17,000 మిగులుతుంది. రాష్ట్ర పన్నుల కింద 10,000, ఇంటి రుణం వడ్డీ కింద 8,000 ఉన్నాయనుకుంటే మొత్తం 35,000 అవుతుంది. 2024లో ఉమ్మడి రిటర్న్‌కు స్టాండర్డ్ డిడక్షన్ 29,200 కనుక, వారికి అదనంగా ఒరిగేది 5,800 డాలర్ల మినహాయింపు మాత్రమే. ఇన్సూరెన్స్ చెల్లించిన మొత్తాన్ని గాని, వైద్య ఖర్చుల కోసం డబ్బు దాచుకునే హెచ్ఎస్ఏ, ఎఫ్ఎస్ఏ ఖాతాల నుంచి పన్ను లేకుండా తీసుకున్న డబ్బును గాని ఇందులో మళ్లీ చూపకూడదు.

నా ప్రధానమైన ఫిర్యాదు ఈ పుస్తకం అమరిక గురించి. ఖర్చుల పేర్లన్నీ ఇంగ్లిష్ అక్షరక్రమంలో ఉంటాయి కనుక పేరు తెలిసినవారికి వెదకడం సులువే. కానీ ఐవీఎఫ్ దంపతులకు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, ఏ సంవత్సరంలో చెల్లించామన్నది, వేరే చోట ఉంది. క్రెడిట్ కార్డు గీసిన సంవత్సరమే లెక్క, కార్డు బిల్లు కట్టిన సంవత్సరం కాదు. వచ్చే ఏడాది జరగబోయే చికిత్సకు ముందుగా కట్టిన సొమ్ము సాధారణంగా ఈ ఏడాది లెక్కలోకి రాదు. డిసెంబరులో ప్యాకేజీ సొమ్ము కట్టమని క్లినిక్ అడిగినప్పుడు ఈ రెండు వాక్యాలు ఎంత అవసరమో, ఆ స్థితిలో ఉన్నవారికి తెలుస్తుంది. 7.5 శాతం గీత ఏటా మళ్లీ మొదటి నుంచి దాటాలి కాబట్టి, ఒకే చికిత్స ఖర్చు రెండు సంవత్సరాల మధ్య చీలిపోతే రెండింటిలోనూ ఏమీ మిగలకపోవచ్చు.

చిన్న ఖర్చుల విషయంలో పుస్తకం ఉదారంగానే ఉంది. మా క్లినిక్‌కు రానూ పోనూ 62 మైళ్లు; 14 సార్లు వెళ్లాము. మైలుకు 21 సెంట్ల చొప్పున 182 డాలర్ల పైచిలుకు అయింది, పార్కింగ్, టోల్ రుసుములు వేరు. గర్భ నిర్ధారణ కిట్ కూడా చూపవచ్చు. గర్భిణులు ధరించే దుస్తుల ఖర్చు మాత్రం చెల్లదు.

భారతదేశం నుంచి మందులు తెప్పించుకునే మనవాళ్లు ఒక పేరాను తప్పక చదవాలి. ఇతర దేశాల నుంచి తెప్పించిన మందుల ఖర్చు సాధారణంగా చెల్లదు; డాక్టరు రాసిన మందును అక్కడే కొని, అక్కడే వాడి, అది రెండు దేశాల్లోనూ చట్టబద్ధమైనదైతే మాత్రం చూపవచ్చు. చికిత్స కోసం సెలవు పెట్టి వెళ్లేవారు అక్కడి మందుల దుకాణం రసీదులను తిరుగు ప్రయాణానికి ముందే ఫోటో తీసి దాచుకోవాలి. మా రసీదుల్లో సగం ఏప్రిల్ వచ్చేసరికి వెలిసిపోయి, తెల్ల కాగితాలై మిగిలాయి.