తప్తపాణి ఘాటీలో 1936 ఫోర్డ్ వి8: కొత్త హంగులతో ఒక పూట

బరంపురంలో పట్టుచీరల వ్యాపారం చేసే ఒక పెద్దాయన వద్ద 1936 నాటి ఫోర్డ్ వి8 సెడాన్ ఉంది. గంజాం ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీని వదిలి కొత్తగా ఏర్పడిన ఒడిశాలో చేరింది 1936 ఏప్రిల్ 1న కాబట్టి, "ఈ రాష్ట్రమూ నా బండీ ఒక ఈడువి మాస్టారూ" అని ఆయన వచ్చినవారందరికీ చెబుతుంటారు. పొరుగు రాష్ట్రంలోని ఒక వర్క్‌షాపులో పద్నాలుగు నెలలు ఉండి, ఏసీ, డిస్క్ బ్రేకులు, పవర్ స్టీరింగు, అయిదు గేర్ల పెట్టె, రెండో కార్బ్యురేటరు (పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించేది) పెట్టించుకుని తిరిగివచ్చిన ఈ కారును, మొన్న మే నెలలో బరంపురం నుంచి దిగపహండి మీదుగా తప్తపాణి ఘాటీ ఎక్కించి మళ్ళీ దించే అవకాశం నాకు దొరికింది.

మొదట ఈ కారు ఎలా ఉండేదో తెలియకపోతే మార్పుల విలువ తెలియదు. 221 ఘనపు అంగుళాల, అంటే సుమారు 3.6 లీటర్ల, ఎనిమిది సిలిండర్ల ఇంజను 85 హార్స్‌పవర్ ఇచ్చేది. మధ్యతరగతి ధరలో అంత శక్తి ఆ రోజుల్లో అరుదు. అయితే అదే ఏడాది షెవ్రొలే కార్లకు హైడ్రాలిక్ బ్రేకులు వచ్చినా, ఫోర్డ్ మాత్రం 1939 మోడల్ దాకా ఇనుప కడ్డీలతోనో, తీగలతోనో లాగే బ్రేకులనే పట్టుకుని వేలాడింది. ఈ కారువి కడ్డీలు. కరెంటు ఆరు వోల్టులు, గేర్లు మూడు. ఇదే కారును పదేళ్ళ క్రితం పాత బ్రేకులతో నడిపినవాడిని కాబట్టి, ఆనాడు ఫోర్డ్ కొన్నవారు పరుగు కోసం కొన్నారే తప్ప ఆగడం కోసం కొనలేదని ధైర్యంగా చెప్పగలను. నాలుగు చక్రాల కడ్డీలూ సమానంగా బిగించి ఉండకపోతే, పెడలు తొక్కగానే బండి ఏదో ఒక పక్కకు లాగేది.

అందువల్ల ఈ మార్పులన్నింటిలో నేను మొదట మెచ్చుకునేది ముందు చక్రాల డిస్క్ బ్రేకులనే. అవి పదహారు అంగుళాల పాత ఇనుప చక్రాల వెనుక ఇమిడిపోయి, వంగి చూస్తే తప్ప కనబడవు. దిగపహండి బజారులో ఒక మేకపిల్ల అడ్డంగా దూకినప్పుడు, పాత అలవాటు చొప్పున స్టీరింగును రెండు చేతులా బిగించి పట్టుకుని పెడలు తొక్కాను. బండి పక్కకు పోకుండా గీత గీసినట్టు నిలబడింది. వెనుక సీట్లో కూర్చున్న పెద్దాయన ఒడిలోని తమలపాకుల పొట్లం కూడా జారలేదు.

స్టీరింగు విషయంలో నాకంత తృప్తి లేదు. డాష్‌బోర్డు కింద దాచిన మోటారు వల్ల ఇరుకు సందుల్లో బండిని ఒక చేత్తో తిప్పవచ్చు, అది నిజమైన సుఖమే. వేగం అరవై దాటాక మాత్రం చక్రాలకూ చేతులకూ మధ్య సంబంధం తెగినట్టు అనిపిస్తుంది. స్ప్రింగులను మార్చలేదు. ముందొకటి, వెనుకొకటి అడ్డంగా వేసిన కమాను పట్టీలే ఇప్పటికీ ఉన్నాయి కనుక, ఎడమ చక్రం గుంతలో పడితే కుడి పక్కన కూర్చున్నవారికీ కబురు అందుతుంది. అయిదో గేరు వల్ల ఇంజను అరుపు తగ్గి, డెబ్బై దగ్గర మామూలు గొంతుతో మాట్లాడుకోగలిగాం. పెట్రోలు మాత్రం లీటరుకు అయిదారు కిలోమీటర్లకు మించి ఇవ్వలేదు.

ఏసీ గురించి కొంత వివరంగా చెప్పాలి. ఈ మోడల్ పైకప్పు నడిమి భాగం ఇనుము కాదు, గుడ్డతో కప్పినది. పూర్తి ఇనుప కప్పు 1937లో గానీ రాలేదు. వర్క్‌షాపువారు ఆ గుడ్డ కింద వేడిని ఆపే పొర పరిచి, పన్నెండు వోల్టుల ఆల్టర్నేటరును పాత డైనమో ఆకారపు డబ్బాలో దాచి, చాలా నేర్పుగా పనిచేశారు. అంత నేర్పు చూపినవారు చల్లగాలి పెట్టెను ముందు సీట్లో పక్కన కూర్చున్నవారి మోకాలికి తగిలేలా ఎందుకు వేలాడదీశారో, దానికి నీలి దీపం వెలిగే ప్లాస్టిక్ మీటలు ఎందుకు తగిలించారో నాకు అర్థం కాలేదు. ఆనాటి గుండ్రటి మీటర్ల పక్కన ఆ నీలి దీపం పెళ్ళివారింట సీరియల్ బల్బులా ఉంది. చల్లదనానికి మాత్రం వంక పెట్టలేను. బరంపురం ఉక్కలో బయలుదేరిన మాకు దిగపహండి చేరేదాకా చెమట పట్టలేదు.

అసలు పరీక్ష ఘాటీలో ఎదురైంది. ఈ ఇంజనులో కాలిన పొగ బయటికి పోయే దారులు సిలిండర్ల దిమ్మెలోని నీటి మధ్యగా వెళ్తాయి కనుక, నీరు తొందరగా వేడెక్కడం దీని పుట్టుగుణం. అల్యూమినియం రేడియేటరు, కరెంటు ఫ్యాను ఆ వేడిని బాగానే తట్టుకున్నాయి. ఎక్కుడు మలుపుల్లో ఏసీ ఆపితే వేడి చూపే ముల్లు వెంటనే కిందికి దిగింది. మమ్మల్ని మోసం చేసింది నీరు కాదు, పెట్రోలు. తప్తపాణి వేడినీటి బుగ్గ దగ్గర టీ కోసం ఇంజను ఆపి, మళ్ళీ స్టార్టు చేయబోతే పలకలేదు. ఇరవై నిమిషాలు బానెట్ ఎత్తి వెతకగా, కొత్తగా వేసిన పెట్రోలు గొట్టాన్ని పొగ గొట్టానికి జానెడు దూరంలో, మూరెడు పొడవున దాని వెంటే నడిపించినట్టు కనబడింది. ఇప్పుడు బంకుల్లో దొరికే ఇథనాల్ కలిపిన పెట్రోలు ఆ వేడికి గొట్టంలోనే ఆవిరైపోతోంది. గొట్టానికి తడిగుడ్డ చుట్టి, చల్లారాక బయలుదేరాం. ఇంత ఖరీదైన పనిలో ఇంత చిన్న అజాగ్రత్త క్షమించరానిది. తరువాత బరంపురంలోని మెకానిక్ ఆ గొట్టాన్ని ఒక పూటలో ఫ్రేము అవతలి పక్కకు మార్చేశాడు.

రెండో కార్బ్యురేటరు వల్ల పికప్ పెరిగిన మాట వాస్తవం. ఎక్కుడులో మూడో గేరులోనే లాగేసింది. అయినా నేనైతే అది పెట్టించను, కారణం వేడి కాదు, కాగితం. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, యాభై ఏళ్ళు దాటి అసలు రూపంలో ఉన్న వాహనానికే వింటేజ్ గుర్తింపు, 'వీఏ' అక్షరాల నంబరు లభిస్తాయి. ఛాసిస్‌లో గానీ, బాడీలో గానీ, ఇంజనులో గానీ మార్పులు చేస్తే ఆ అర్హత పోతుంది. కొత్త రిజిస్ట్రేషనుకు రుసుము 20,000 రూపాయలు. ఆ నంబరుతో రోజువారీ తిరగడం కుదరదు, ర్యాలీలు, ప్రదర్శనలు, మరమ్మతుల వంటి పనులకే వెళ్ళాలి. కాబట్టి హంగులు పెట్టించేవారు ముందు ఏ దారో తేల్చుకుని, ఆ తరువాతే రెంచి పట్టుకోవడం మంచిది. టైర్ల గురించి ఒక మాట: ఈ కారుకు కావలసిన 6.00-16 సైజు ట్రాక్టరు ముందు చక్రానికీ దొరుకుతుంది గానీ, చవకగా వస్తోందని అది బిగించకండి. దాని గాట్లు పొలం కోసం చేసినవి.

పెట్టిన డబ్బుకు తగినవి బ్రేకులు, పన్నెండు వోల్టుల కరెంటు, ఆ తరువాత ఏసీ. స్టీరింగు మోటారు ఇష్టం మీద ఆధారపడినది. ఈ పని కోసం కారుకు శాశ్వతంగా చేసిన గాయాలెన్నో తెలుసుకోవాలని పెద్దాయన ఇంటికి వచ్చాక టార్చిలైటుతో వెతికాను. ఇంజనుకూ కాబినుకూ మధ్య రేకులో మూడు రంధ్రాలు కనబడ్డాయి, అంతే. తక్కినవన్నీ బోల్టులు విప్పితే వచ్చేసేవే. "మరి తీసేసిన సామాన్లేవి బాబుగారూ?" అని అడిగితే, ఆయన గోడౌనులోకి తీసుకెళ్ళి ఒక టేకుపెట్టె మూత ఎత్తారు. బ్రేకు కడ్డీలు, మూడు గేర్ల పెట్టె, ఆరు వోల్టుల డైనమో గ్రీజు పూసి, చిరిగిన పట్టుచీర ముక్కల్లో చుట్టి ఉన్నాయి. ఒక్కొక్కదానికీ దారంతో కట్టిన అట్టముక్క మీద అది ఏ చక్రానిదో, ఏ పక్కదో ఆయన చేతిరాతతో తెలుగులో రాసి ఉంది.