కోనసీమలో విదేశీ అతిథులకు గది మాట్లాడుతున్నారా? అడ్వాన్సు కట్టే ముందు ఈ మాట అడగండి

విదేశీ మిత్రులను పిలుచుకుని గోదావరి ఒడ్డున గది ఇప్పించాలనుకునేవారు, ఒక విషయం తేల్చుకోకుండా దయచేసి ఒక్క రూపాయి కూడా అడ్వాన్సు కట్టవద్దు. గదులు నడిపేవారు విదేశీ అతిథుల వివరాలను ప్రభుత్వానికి ఆన్‌లైన్‌లో పంపేందుకు రిజిస్టర్ చేసుకున్నారా లేదా అన్నదే ఆ విషయం. అది అడగనందుకు మొన్నటి సంక్రాంతికి మాకు 12,000 రూపాయలు పోయాయి. అంతకంటే, అతిథుల ముందు తల దించుకోవలసి వచ్చింది.

1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న యానాం మా అమలాపురానికి దగ్గరేనని చెప్పినప్పటి నుంచి, ఫ్రాన్స్‌లోని మా మిత్ర దంపతులు ఆ ఊరు చూడాలని ముచ్చటపడుతున్నారు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం కూడా చూపించవచ్చునని పండగకే రమ్మన్నాను. ఇంటి నిండా చుట్టాలు ఉంటారు కాబట్టి వశిష్ఠ గోదావరి ఒడ్డున ఒక గెస్ట్ హౌస్‌లో మూడు రాత్రులకు గది మాట్లాడి, వచ్చేది ఫ్రాన్స్ దేశస్థులని మెసేజ్‌లో స్పష్టంగా రాసి, అడిగిన మొత్తం పంపించాను.

భోగి నాటి సాయంత్రం సామానుతో అక్కడికి చేరాం. కౌంటరులోని అబ్బాయి రెండు పాస్‌పోర్టులూ తెరిచి, వీసా దాకా కూడా చూడకుండానే మూసేసి, యజమానికి ఫోన్ చేసి వచ్చాడు. "ఫారిన్ వాళ్లకి గదులివ్వమండి, తర్వాత పోలీసులతో మాకు ఇబ్బందండి" అన్నాడు. అడ్వాన్సు సంగతి అడిగితే, పండగ బుకింగులకు డబ్బు తిరిగివ్వడం ఉండదన్నాడు. గది వద్దన్నది మేము కాదు, ఇవ్వనన్నది వారు. అటువంటప్పుడు ఆ డబ్బు ఉంచుకోవడం ఏ విధంగానూ న్యాయం కాదు. మా మాటలు తెలుగులోనే సాగినా, ఆ దంపతుల్లో భార్య నా వైపు తిరిగి, తమ కాగితాల్లో ఏదైనా పొరపాటు ఉందా అని మెల్లగా అడిగారు. వారి కాగితాల్లో ఏ పొరపాటూ లేదు.

విదేశీయులకు గది ఇవ్వకూడదని చట్టంలో లేదు. వారు దిగిన 24 గంటల్లోగా వివరాలు ఆన్‌లైన్‌లో తెలియజేయాలన్నదే నిబంధన. ఆ పత్రాన్ని చాలాకాలంగా ఫారం సి అని పిలుస్తున్నారు. కొందరు ఆ కాస్త పనికి బద్ధకించి, బుకింగ్ నాడు ఒప్పుకుని, అతిథి గుమ్మంలోకి వచ్చాక కాదంటున్నారు.

పండగ రద్దీలో ఇంకెక్కడా గది దొరకలేదు. చివరికి మా నాన్నగారు తన గది ఖాళీ చేసి వారికి ఇచ్చారు. ఇంట్లో దింపుకున్నా ఈ నిబంధన వర్తిస్తుందని మీలో చాలామందికి తెలిసి ఉండకపోవచ్చు. ఆ రాత్రే నేను రిజిస్టర్ చేసుకుని, పాస్‌పోర్టు, వీసా నంబర్లు, ఇక్కడి నుంచి వారు వెళ్లబోయే చోటు, ఫోటోలతో సహా నింపాను. గంటలోపే అయిపోయిన ఆ పని, ఏటా పండగ బేరాలతో గదులు నింపుకునే యజమానికి చేతకానిదేమీ కాదు.

అందువల్ల "విదేశీయుల వివరాలు మీరే పంపుతారా?" అని అడిగి, జవాబు మెసేజ్‌లోనే రాయించుకోండి. నేను ఒక వ్యక్తి సొంత నంబరుకు డబ్బు పంపి రసీదు అడగలేదు. మీరు తప్పక అడగండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను, డబ్బు ఇంకా రాలేదు. ఆధారంగా నా దగ్గర మిగిలింది, అతిథులు ఫ్రాన్స్ దేశస్థులని నేను రాసిన మెసేజ్, దాని కింద గెస్ట్ హౌస్ వారు పెట్టిన "ఓకే అండి" అన్న జవాబు.