సిగార్ సైజులు: సన్నదా, లావుదా? మొదటిసారికి ఏది మేలు?

రొబస్టో, కరోనా, టోరో, చర్చిల్, లాన్సెరో, టార్పెడో. సిగార్ కొనడానికి మొదటిసారి వెళ్లినవాళ్లను ముందుగా తికమక పెట్టేవి ఈ పేర్లే. ఏది పొడుగో, ఏది లావో, ఏది ఎంతసేపు కాలుతుందో పేరు విని చెప్పలేం. నేను మొదటిసారి కొన్నప్పుడు అక్కడున్న వాటిలో అన్నిటికంటే లావుగా ఉన్నదాన్ని తీసుకున్నాను. లావుగా ఉంది కాబట్టి మంచిదే అయ్యుంటుందని అనుకున్నాను. అది ఆరు అంగుళాల గోర్డో. సగం కూడా కాలకముందే తల తిరిగి, ఒళ్లంతా చెమటలు పట్టి, దాన్ని పక్కన పెట్టేసి పడుకోవాల్సి వచ్చింది. ఆ సిగార్‌లో ఏ లోపమూ లేదు. అలవాటు లేని మనిషి చేతికి అది మరీ పెద్దది, అంతే. అందుకే కొత్తవాళ్లు బ్రాండ్ గురించి అడిగే ముందు సైజు గురించి తెలుసుకోవాలని అంటాను.

సైజును రెండు అంకెల్లో రాస్తారు. ఉదాహరణకు 5 × 50. మొదటిది పొడవు, అంగుళాల్లో. రెండోది రింగ్ గేజ్, అంటే లావు. అంగుళాన్ని 64 భాగాలు చేస్తే అందులో ఎన్ని భాగాల వ్యాసం ఉందో ఆ అంకె చెబుతుంది. 64 రింగ్ అంటే సరిగ్గా ఒక అంగుళం. 50 రింగ్ అంటే 19.8 మిల్లీమీటర్లు, 42 రింగ్ అంటే 16.7 మిల్లీమీటర్లు. రింగ్ అంకెను 0.4తో గుణిస్తే సుమారుగా మిల్లీమీటర్లు వచ్చేస్తాయి. క్యూబా సిగార్ల దగ్గర పొడవును మిల్లీమీటర్లలో ఇవ్వడం ఎక్కువ. లావును మాత్రం వాళ్లూ రింగ్‌లోనే చెబుతారు.

ఈ రెండు అంకెల్లో ఏది ముఖ్యమని నన్నడిగితే, లావే అంటాను. చాలామంది కళ్లు ముందు పొడవు మీద పడతాయి, పొడుగ్గా ఉంటే పెద్ద సిగార్ అనుకుంటారు. కానీ లావు పెరిగితే లోపలి పొగాకు దాని వర్గం (లావును లావుతోనే గుణిస్తే వచ్చేది) లెక్కన పెరుగుతుంది. 42 రింగ్‌కీ 60 రింగ్‌కీ అంకెల్లో తేడా 18 మాత్రమే. ఒక అంగుళం ముక్క తీసుకుని చూస్తే మాత్రం 60 రింగ్‌లో పొగాకు రెండింతలు ఉంటుంది. నేను వాడే లెక్క ఒకటుంది: పొడవును రింగ్‌తో రెండుసార్లు గుణించండి. 5 × 50 రొబస్టోకు 12,500 వస్తుంది. ఏడున్నర అంగుళాల పొడవూ 38 రింగూ ఉన్న లాన్సెరోకు 10,830 వస్తుంది. చేతిలో పట్టుకుంటే రొబస్టో కంటే రెండున్నర అంగుళాలు పొడుగ్గా కనిపించే లాన్సెరోలో పొగాకు నిజానికి తక్కువ. 5 × 42 పెటిట్ కరోనాకు 8,820. నన్ను పడుకోబెట్టిన 6 × 60 గోర్డోకు 21,600. అంటే రెండు పెటిట్ కరోనాలు, మూడోదాంట్లో దాదాపు సగం ఒకేసారి ముట్టించినట్టు.

ఇక్కడ ఆరోగ్యం గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. సిగార్ పొగను ఊపిరితిత్తుల్లోకి పీల్చరు కాబట్టి ఫర్వాలేదని కొందరు నమ్ముతారు. అది తప్పు. సిగార్ పొగలోని నికోటిన్ నోటి లోపలి పొరల గుండానే రక్తంలోకి చేరుతుంది. నోటికి, గొంతుకు, అన్నవాహికకు క్యాన్సర్ ముప్పు ఉంది. సిగరెట్‌లో ఒక గ్రాము లోపే పొగాకు ఉంటుంది. పెద్ద సిగార్‌లో 5 నుంచి 17 గ్రాముల దాకా ఉండొచ్చు. కొన్నిట్లో ఒక సిగరెట్ ప్యాకెట్‌లో ఉన్నంత పొగాకు ఉంటుంది. అలవాటు లేనివాళ్లకు అన్నిటికంటే మేలైనది అసలు ముట్టించకపోవడం. ఇది మనస్ఫూర్తిగా అంటున్నాను. ఇక్కడి నుంచి రాసేది ఎలాగూ కాల్చాలని నిర్ణయించుకున్న పెద్దవాళ్ల కోసం.

కరోనా, రొబస్టో: అసలు పోటీ ఇక్కడే

కొత్తవాళ్లకు అందరూ సూచించేవి ఈ రెండే. కరోనా అంటే సుమారు 5½ × 42. ఇంకాస్త పొట్టిగా ఉంటే పెటిట్ కరోనా. రొబస్టో అంటే సుమారు 5 × 50. చూడ్డానికి రెండూ మధ్యస్థంగానే ఉంటాయి, కాలే తీరు మాత్రం వేరు.

ముందు వేడి సంగతి. మనం ఒక్కసారి లాగే గాలి ఎంతో, సన్నదానికైనా లావుదానికైనా ఇంచుమించు అంతే. సన్న సిగార్‌లో ఆ గాలంతా చిన్న నిప్పు గుండా పోవాలి. నిప్పు ఎర్రగా రగులుతుంది, పొగ వేడెక్కుతుంది, రుచి చేదవుతుంది. లావు సిగార్‌లో అదే గాలి పెద్ద నిప్పు మీద పరుచుకుంటుంది కాబట్టి పొగ చల్లగా వస్తుంది. సిగరెట్ అలవాటున్నవాళ్లు గబగబా లాగుతారు. వాళ్ల చేతిలో కరోనా పది నిమిషాల్లోనే ఘాటెక్కిపోతుంది. రొబస్టో ఆ తొందరను కొంతవరకు తట్టుకుంటుంది. రొబస్టోను వెనకేసుకొచ్చేవాళ్ల వాదనలో ఇదే బలమైన మాట, నేను దాన్ని కాదనను.

రెండోది, పొగ సులువుగా రావడం. సిగార్‌లో మూడు పొరలుంటాయి. లోపల ఫిల్లర్ ఆకులు, వాటిని పట్టి ఉంచే బైండర్, పైన నున్నటి రాపర్. చుట్టేవాళ్లు ఫిల్లర్ ఆకుల్ని మడతల మధ్య గాలి ఆడేలా పేర్చాలి. సన్న సిగార్‌లో ఒక్క ఆకు అడ్డంగా మెలిపడినా దారి మూసుకుపోతుంది, ఎంత లాగినా పొగ రాదు. 50 రింగ్‌లో ఆ పొరపాటుకు పక్కన కాస్త చోటుంటుంది. కొత్తవాళ్లకు బిగుసుకుపోయిన సిగార్ కంటే విసుగు పుట్టించేది లేదు. తప్పు తమదో సిగార్‌దో వాళ్లకు తెలియదు.

ఇక కరోనా వైపు చెప్పాల్సినవి. సన్నగా ఉన్నకొద్దీ లోపలి పొగాకుతో పోలిస్తే పై ఆకు వాటా పెరుగుతుంది. 50 రింగ్‌తో చూస్తే 42 రింగ్‌లో రాపర్ వాటా దాదాపు ఐదో వంతు ఎక్కువ. రాపర్ రుచి ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే కరోనా స్పష్టంగా చెబుతుంది. రొబస్టోలో లోపలి ఆకుల మిశ్రమానిదే పెత్తనం. లావుగా ఉంటే రకరకాల ఆకులు పట్టే చోటుంటుంది. మొక్క పైభాగంలో ఎండ బాగా తగిలి పెరిగే లిగెరో ఆకు ఘాటుగా ఉండి నెమ్మదిగా కాలుతుంది. దాన్ని మధ్యలో పెట్టి, చుట్టూ దానికంటే తేలికైన సెకో ఆకులు, త్వరగా అంటుకునే వోలాడో ఆకులు పేరుస్తారు. రొబస్టో నిండుగా, గుండ్రంగా అనిపించడానికి కారణం ఇదే.

నా మొగ్గు మాత్రం కరోనా వైపు, అందులోనూ పెటిట్ కరోనా వైపు. కారణం రుచి కాదు, మోతాదు. పెటిట్ కరోనా అరగంటలోనో కాస్త ఎక్కువలోనో ముగుస్తుంది. రొబస్టోకు ముప్పావుగంట నుంచి గంట పడుతుంది. అలవాటు లేని ఒంటికి ఆ రెండో అరగంటే ముంచుతుంది. సిగార్ చివరికొచ్చేకొద్దీ ఘాటు పెరుగుతుంది, నికోటిన్ అప్పటికే ఒంట్లో పేరుకుని ఉంటుంది. రొబస్టో తీసుకుని సగంలో ఆపేయొచ్చు కదా అని మీరు అనొచ్చు. ఆపేయొచ్చు, ఆపాలి కూడా. కానీ డబ్బు పెట్టి కొన్నదాన్ని సగంలో పారేసే కొత్తవాళ్లను నేను పెద్దగా చూడలేదు. కరోనా వేడెక్కే ఇబ్బందికి మందుంది: నిమిషానికి ఒక్కసారే లాగండి. అది ఎలాగూ నేర్చుకోవాల్సిన పద్ధతే, సన్న సిగార్ త్వరగా నేర్పిస్తుంది. ఈ నిదానం తన వల్ల కాదని ముందే తెలిసినవాళ్లు రొబస్టో తీసుకుని సగంలో ఆపాలని ముందే అనుకోవాలి.

లాన్సెరో, గోర్డో: రెండు చివర్లు

లాన్సెరో అందంగా ఉంటుంది. సన్నగా, పొడుగ్గా, తల దగ్గర చిన్న పిలక మెలితో. కోహిబా బ్రాండ్ 1966లో మొదలైంది. దాని లాన్సెరో 192 మిల్లీమీటర్ల పొడవు, 38 రింగ్ లావు. సిగార్ బాగా తెలిసినవాళ్లు ఈ సైజును ప్రేమిస్తారు, రాపర్ రుచి ఇంతగా తెలిసేది ఇంకోటి అరుదు కాబట్టి. కానీ చుట్టడం కష్టం, బిగుసుకుపోయే అవకాశం ఎక్కువ, గట్టిగా లాగితే వెంటనే వేడెక్కుతుంది, వదిలేస్తే ఆరిపోతుంది. గోర్డో దీనికి పూర్తిగా వ్యతిరేకం. పొగ చల్లగా, ధారాళంగా వస్తుంది, ఆరిపోదు, ఏ తొందరనైనా భరిస్తుంది. నోట్లో పట్టడమే ఇబ్బంది, గంటన్నర దాకా కాలుతుంది, రాపర్ రుచి లోపలి పొగాకులో మునిగిపోతుంది.

ఈ రెండిట్లో ఒకటి ఎంచుకోమంటే నేను లాన్సెరోనే తీసుకుంటాను, కానీ కనీసం పది పదిహేను సిగార్లు కాల్చాక. కొత్తవాళ్లకు రెండూ వద్దు.

చర్చిల్, టోరో గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. బ్రిటన్ ప్రధాని విన్‌స్టన్ చర్చిల్ పేరు పెట్టుకున్న సిగార్ 7 × 47, టోరో 6 × 50. పొడవులో అంగుళం తేడా ఉన్నా పొగాకు దాదాపు సమానమే. నా లెక్కలో ఒకటి 15,463, ఇంకోటి 15,000. రెండిటికీ గంటకు పైగా సమయం చేతిలో ఉండాలి. అంత తీరిక ఉన్న సాయంత్రానికి టోరోనే సులువు.

తిన్ననిదా, మొన తేలినదా?

ఇంతవరకు చెప్పినవన్నీ పక్కలు తిన్నగా ఉండేవి. వీటిని పరేహో అంటారు. ఆకారం మారేవాటిని ఫిగురాడో అంటారు. వీటిలో ఎక్కువగా కనిపించేవి పిరమిడ్, టార్పెడో, బెలికోసో. అన్నిటికీ తల మొన తేలి ఉంటుంది. క్యూబా బ్రాండ్ మోంటెక్రిస్టో వారి నంబర్ 2 పేరుమోసిన పిరమిడ్, 156 మిల్లీమీటర్లు, 52 రింగ్. లావు సిగార్ అయినా నోటి దగ్గర సన్నగా ఉండటం వల్ల పట్టుకోవడం సుఖంగా ఉంటుంది. ఎంత కత్తిరించాలన్నది కూడా మన చేతిలో ఉంటుంది. కొంచెం కోస్తే పొగ సన్నటి ధారలా వస్తుంది, చాలకపోతే ఇంకాస్త కోయొచ్చు.

కొత్తవాళ్లకు చిక్కు వచ్చేది కూడా ఆ కోత దగ్గరే. తిన్నటి సిగార్‌కు తల మీద చిన్న టోపీలా క్యాప్ ఉంటుంది. దాని వంపు దాటకుండా రెండు మిల్లీమీటర్లు కోస్తే చాలు. వంపు దాటి కిందికి కోస్తే రాపర్ విడిపోయి, ఆకు నోట్లోకి వస్తుంది. మొన తేలినదానికి అంత స్పష్టమైన గుర్తు ఉండదు. భయపడి కొంచెమే కోస్తే ఆ చిన్న రంధ్రం దగ్గర తారు పేరుకుని చేదు తగులుతుంది. మొదటి నాలుగైదు సార్లు తిన్నటిదే మేలు. పర్ఫెక్టో రెండు చివర్లా సన్నగా ఉంటుంది, ముట్టించినప్పుడు సన్నగా మొదలై మధ్యలో నిండుగా మారుతుంది. సన్న సిగార్లు మూడిటిని జడలా అల్లే కులెబ్రా అని ఇంకోటి ఉంది. అది విడదీసి ఒక్కొక్కటిగా కాల్చాల్సినది, మూడూ కలిపి కాదు.

పేర్లను మరీ నమ్మకండి. ఒకరి టోరో 6 × 50 అయితే ఇంకొకరిది 6 × 54 ఉంటుంది. మొన తేలినదాన్నల్లా టార్పెడో అనేసేవాళ్లూ ఉన్నారు. క్యూబాలో ఒకే సిగార్‌కు ఫ్యాక్టరీలో ఒక పేరు, పెట్టె మీద ఇంకో పేరు. మోంటెక్రిస్టో నంబర్ 4 అని అమ్మేదాన్ని ఫ్యాక్టరీలో మరేవా అంటారు. 129 మిల్లీమీటర్లు, 42 రింగ్ అన్న అంకెలు మాత్రం ఎక్కడా మారవు. అలాగే లావుది కాబట్టి ఘాటు, సన్నది కాబట్టి తేలిక అనుకోవడం కూడా సరికాదు. ఘాటు ఆకుల మిశ్రమాన్ని బట్టి ఉంటుంది. లిగెరో ఎక్కువ పడిన సన్న సిగార్, తేలికపాటి ఆకులతో చుట్టిన గోర్డో కంటే ఘాటుగా ఉండగలదు. లావు పెంచేది మొత్తం మోతాదునీ సమయాన్నీ.

సైజు చేసే తేడా మీకే తెలియాలంటే ఒకే బ్రాండ్‌లో, ఒకే మిశ్రమంతో, రెండు సైజులు తీసుకోండి. ఒకటి పెటిట్ కరోనా, ఇంకోటి రొబస్టో. తేలికపాటి మిశ్రమం ఇవ్వమని అడగండి. ఖాళీ కడుపుతో ముట్టించకండి, పక్కన మంచినీళ్లు పెట్టుకోండి. రెండిటికీ మధ్య కొన్ని రోజులు ఎడం ఉంచండి. ముందు పెటిట్ కరోనా. తల కాస్త తేలినట్టు అనిపించిన క్షణమే బూడిద పళ్లెంలో పెట్టేయండి, దానంతటదే ఆరిపోతుంది, నలపనక్కర్లేదు. ఎంతసేపు కాలింది, ఎక్కడ వేడెక్కింది, ఎక్కడ ఆపారు అన్నది రెండు ముక్కల్లో రాసి పెట్టుకోండి. రొబస్టో ముట్టించిన రోజు ఆ కాగితం తీసి పక్కన పెట్టుకోండి.