పిల్లికి ‘క్యాన్సర్ ప్యాకేజీ’ అంటే డబ్బు కట్టే ముందు ఇది చదవండి

పెద్ద వయసు పిల్లి ఇంట్లో ఉన్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. మా గౌరికి జరిగింది మీ పిల్లికి జరగకూడదనే రాస్తున్నాను. క్లినిక్ పేరు పెట్టడం లేదు. అక్కడ ఏం అమ్మారో, ఏం చెప్పకుండా దాటేశారో తెలిస్తే చాలు. అలాంటి ప్యాకేజీ ఇంకో పేరుతో ఇంకెక్కడైనా మీకు ఎదురుకావచ్చు.

గౌరికి 11 ఏళ్లు. నాటు పిల్లి. మా అపార్ట్‌మెంట్ మెట్ల కింద వానలో తడిసి అరుస్తుంటే అమ్మ తువ్వాలులో చుట్టి పైకి తెచ్చింది. పోయిన ఏడాది దసరా ముందు నుంచి వారానికి రెండుసార్లు వాంతి చేసుకోవడం మొదలైంది. పిల్లులన్నాక వెంట్రుకలు కక్కుతాయి అని అందరూ అన్నారు. నేనూ అదే అనుకుని హెయిర్‌బాల్ పేస్ట్ కొన్నాను. కానీ ఆ వాంతిలో వెంట్రుకలు ఉండేవి కావు. పసుపు నురుగు, లేదంటే తిన్నది తిన్నట్టే. తిండి మాత్రం తగ్గలేదు, ఇంకా ఎక్కువే అడిగేది. అందుకే మాకు భయం వేయలేదు. ఒకరోజు అమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని వీపు నిమురుతూ "ఒరేయ్, దీని వెన్నుపూసలు చేతికి తగులుతున్నాయిరా" అంది. తూచితే 3.1 కిలోలు. పాత టీకా కార్డులో 4.2 అని ఉంది.

హైదరాబాద్‌లో మా ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక ప్రైవేటు క్లినిక్‌కి తీసుకెళ్లాం. కౌంటర్ మీదే బోర్డు: పిల్లులకు క్యాన్సర్ స్క్రీనింగ్ ప్యాకేజీ, 6,500 రూపాయలు. రక్తకణాల లెక్క, లివర్, కిడ్నీ, పొట్ట స్కానింగ్. స్కానింగ్ ఐదు నిమిషాల్లో అయిపోయింది. సాయంత్రానికి రిపోర్ట్ చేతిలో పెట్టారు. చివరి పేజీలో ‘క్యాన్సర్: నెగెటివ్’ అని ఉంది. "టెన్షన్ పడకండి సర్, పేగు వాపు అంతే" అని ఒక ఇంజెక్షన్ చేసి, రోగనిరోధక శక్తికని 1,900 రూపాయల డ్రాప్స్ ఇచ్చారు. ఆ సీసా మీద అందులో ఏముందో కూడా రాసి లేదు.

మూడు వారాలు గౌరి బాగుంది. వాంతులు ఆగాయి, బాల్కనీలో ఎండకు పడుకోవడం మళ్లీ మొదలుపెట్టింది. ఆ డాక్టర్‌కి థాంక్స్ చెబుతూ మెసేజ్ కూడా పెట్టాను. నాలుగో వారం మళ్లీ వాంతులు, ఈసారి విరేచనాలు కూడా.

వేరే డాక్టర్ దగ్గరికి వెళ్లాం. ఆవిడ రిపోర్టులు చూడకముందే అడిగిన మొదటి ప్రశ్న: "ఇంతకుముందు ఏమైనా ఇంజెక్షన్ చేశారా? మందు పేరేంటి?" బిల్లు తీసి చూశాను. ‘ఇంజెక్షన్ చార్జీలు – 450’ అని మాత్రమే ఉంది. మందు పేరు లేదు, డోసు లేదు. పాత క్లినిక్‌కి ఫోన్ మీద ఫోన్ చేస్తే నాలుగో రోజున వాట్సాప్‌లో ఒక్క లైన్ వచ్చింది. అది స్టెరాయిడ్. వారాల తరబడి ఒంట్లో పనిచేసే రకం.

అది ఎందుకంత పెద్ద విషయమో ఆవిడ ఓపిగ్గా చెప్పారు. పిల్లుల జీర్ణవ్యవస్థలో ఎక్కువగా వచ్చే క్యాన్సర్ లింఫోమా, అంటే ఒక రకం తెల్ల రక్తకణాల్లో పుట్టే క్యాన్సర్. స్టెరాయిడ్ ఆ కణాలను కొంతకాలం అణచిపెడుతుంది. పిల్లి తేరుకున్నట్టే కనిపిస్తుంది. కానీ ఆ సమయంలో పేగు ముక్క తీసి పరీక్షకు పంపితే అసలు జబ్బు సరిగ్గా కనపడకపోవచ్చు. పైగా ముందే స్టెరాయిడ్ పడితే, తర్వాత కీమో ఇవ్వాల్సి వచ్చినప్పుడు జబ్బు దానికి సరిగా లొంగకపోయే ప్రమాదం ఉంది. ఇదంతా మాకు ముందు చెప్పి, "ముక్క పరీక్ష చేయిద్దామా, లేక అది వద్దనుకుని స్టెరాయిడ్‌తో చూద్దామా" అని అడిగి ఉంటే నాకు ఏ బాధా లేదు. మత్తు తట్టుకోలేని పిల్లి అయినా, ఖర్చు పెట్టలేని పరిస్థితి అయినా అన్నీ తెలిసి స్టెరాయిడ్ వాడటంలో తప్పు లేదు. మాకు ఆ ఎంపికే లేకుండా చేశారు.

ఇక ఆ ‘నెగెటివ్’ సంగతి. పిల్లి పేగులో క్యాన్సర్ లేదని తేల్చే రక్తపరీక్ష ఏదీ లేదు. రక్తపరీక్షలు అవసరమే, కానీ అవి ఇలాగే కనిపించే వేరే జబ్బుల్ని పక్కన పెట్టడానికి. బాగా తింటూ చిక్కిపోతున్న పెద్ద పిల్లికి ముందు చూడాల్సింది థైరాయిడ్, అంటే టీ4 పరీక్ష. 6,500 కట్టిన ప్యాకేజీలో అదే లేదు! బి12 విటమిన్ కూడా చూడలేదు. బి12 ఒంటికి పట్టేది చిన్నపేగు చివరి భాగంలో. పేగు దెబ్బతింటే అది పడిపోతుంది, పడిపోతే పిల్లి ఇంకా నీరసిస్తుంది. గౌరికి టీ4 మామూలుగానే ఉంది, బి12 బాగా తక్కువ.

రెండోసారి స్కానింగ్ అరగంట పట్టింది. పొట్ట మీద వెంట్రుకలు గీసి, జెల్ రాసి, పేగును పై నుంచి కింది దాకా చూస్తూ నాకూ స్క్రీన్ మీద చూపించారు. పేగు గోడలో పొరలు చారల్లా కనిపిస్తాయి. గౌరికి మధ్య భాగంలో కండర పొర లావెక్కి ఉంది, పక్కన ఒక లింఫు గ్రంథి ఉబ్బి ఉంది. చారలు చెదిరిపోయి గడ్డలా ఉంటే పెద్ద కణాల లింఫోమా, అడినోకార్సినోమా (పేగు లోపలి పొరలో పుట్టే క్యాన్సర్) లాంటివి అనుమానిస్తారు. అలాంటి గడ్డలో సన్నటి సూదితో కణాలు లాగి చూసినా చాలాసార్లు తెలిసిపోతుంది. కానీ చారలు ఉండి పొర మాత్రం లావెక్కితే అది పేగు వాపా, చిన్న కణాల లింఫోమానా అని స్కానింగ్‌తో తేలదు. సూదితోనూ తేలదు. ముక్క కావాల్సిందే. ఆవిడ నాకు చెప్పిన వాటిలో అన్నిటికంటే పనికొచ్చిన మాట ఇదే.

ముక్క తీయడానికి రెండు దారులు. నోటి నుంచి గొట్టం పంపి ఎండోస్కోపీ చేస్తే కోత ఉండదు, కానీ పేగు లోపలి పొర ముక్కలే వస్తాయి, చిన్నపేగు మధ్య భాగానికి ఆ గొట్టం చేరదు. పొట్ట కోసి తీస్తే గోడ మొత్తం మందంతో ముక్క వస్తుంది, కుట్లు విడిపోయే రిస్క్ ఉంటుంది. గౌరి జబ్బు మధ్యలో ఉంది కాబట్టి ఆపరేషనే అన్నారు. స్టెరాయిడ్ ప్రభావం తగ్గాలని బి12 ఇంజెక్షన్లతో ఇంకొన్ని వారాలు ఆగాం. ఆ వారాల్లో అది రోజురోజుకూ చిక్కిపోతుంటే అమ్మ రాత్రిళ్లు లేచి ఉడికించిన కోడిమాంసం మెత్తగా చేసి వేలితో తినిపించేది.

ఆపరేషన్‌లో తీసిన ముక్కల మీద వచ్చిన మొదటి రిపోర్ట్‌లో ఏదీ తేల్చలేదు. స్టెరాయిడ్ వాడినందువల్ల కూడా అలా ఉండవచ్చని రాశారు. అవే ముక్కల మీద ప్రత్యేకమైన రంగు పరీక్షలు చేయించాక చిన్న కణాల లింఫోమా అని ఖాయమైంది. ఆపరేషన్‌కి 28,000, ల్యాబ్ ఖర్చు వేరే. ఆ డబ్బు గురించి నాకు బాధ లేదు. పోయిన మూడు నెలలు తిరిగి రావు కదా.

మీరు వెళ్లినప్పుడు ఇవి అడగండి. ఈ ఇంజెక్షన్ పేరేంటి, స్టెరాయిడా? ముక్క పరీక్ష గురించి తేల్చుకోకముందే ఇస్తున్నారా? మందు పేరు, డోసు, తేదీ రాసి ఇస్తారా? స్కానింగ్ ఎవరు చేస్తారు, బొమ్మలు ఇస్తారా? ముక్క తీస్తే ఎన్ని చోట్ల నుంచి తీస్తారు, ఏ ల్యాబ్‌కి పంపుతారు? అడిగితే విసుక్కునే చోట డబ్బు కట్టకండి. రెండో అభిప్రాయం కావాలంటే రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం వెటర్నరీ కాలేజీలు ఉన్నాయి, అక్కడ కనుక్కోండి. ఇంట్లో నెలకోసారి తూచండి. చంటిపిల్లల్ని తూచే మిషన్ అయితే తేడా సరిగ్గా తెలుస్తుంది.

గౌరి ఇప్పుడు వారానికి మూడు రోజులు క్లోరాంబ్యుసిల్ అనే కీమో మాత్ర, రోజూ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ తీసుకుంటోంది. క్లోరాంబ్యుసిల్ మాత్ర విరవకూడదు, గ్లవ్స్ వేసుకునే ఇవ్వాలి. ఈ రకం లింఫోమాకి మందులు పనిచేస్తే పిల్లులు రెండేళ్లు, అంతకంటే ఎక్కువ కూడా బతుకుతాయట. నిన్న తూచితే 3.6 వచ్చింది. అమ్మ ఆ అంకెను పాత టీకా కార్డు వెనకాల రాసి పెట్టుకుంది.

డబ్బు వెనక్కి ఇమ్మని మొదటి క్లినిక్‌కి రాతపూర్వకంగా అడిగాను, జవాబు లేదు. మొన్న అటు వెళ్తే కౌంటర్ మీద అదే బోర్డు ఉంది. ఆఫర్ అని ధర 5,999 చేశారు.