ఎందుకు గీశానో చెప్పాలా, దేనితో గీశానో చెప్పాలా: ఏది మేలు?

ఒక చిన్న ఎగ్జిబిషన్‌లో, గది చివర, నలుపూ బూడిద రంగూ కలిసిన ఓ చిత్రం ముందు నిలబడ్డాను. పక్కన అంటించిన కార్డు మీద ‘కాలానికీ, జ్ఞాపకానికీ, శూన్యానికీ మధ్య ఒక సంభాషణ’ అని ఉంది. చదివి ముందుకు కదిలాను. అంతలో ఆ చిత్రకారిణి ఇంకెవరికో చెబుతున్న మాటలు చెవిన పడ్డాయి.

“ఇది రంగు కాదండీ, మసి. దీపం మంట మీద గాజు పలక పట్టుకుంటే దానికి మసి చేరుతుంది. దాన్ని మెత్తటి బ్రష్‌తో దులిపి పోగు చేసుకున్నాను. కాగితం మీద అద్దాక చెయ్యి తగిలిందంటే చెరిగిపోయినట్టే. అందుకే కాగితానికి అడ్డంగా ఒక చెక్క బద్ద పెట్టుకుని, దాని మీద మణికట్టు ఆనించి గీశాను.”

వెనక్కి వచ్చి మళ్లీ చూశాను. కింద ఎడమ మూలన ఒక వేలిముద్ర కనిపించింది, సన్నటి గీతలతో సహా. మొదటిసారి అది నా కంటికి ఆనలేదు. “ఇది మీదేనా?” అని అడిగాను. “నాదే. పని మొదలుపెట్టిన రోజే తగిలింది, తుడవబుద్ధి కాలేదు. మా ఇంట్లో ఒకసారి నిప్పంటుకుంది. పొగలో గోడ తడుముకుంటూ అమ్మ బయటికొచ్చింది. మర్నాడు చూస్తే మసి పట్టిన గోడ నిండా ఆమె వేళ్ల జాడలు” అంది.

కార్డు మీదున్న కాలం, జ్ఞాపకం, శూన్యం అనే మూడు మాటలూ అబద్ధం కావు. కానీ వాటి వల్ల నేను చిత్రాన్ని దాటుకుని వెళ్లిపోయాను. మసి అన్న ఒక్క మాట నన్ను వెనక్కి లాక్కొచ్చింది. కళాకారులు తమ పని గురించి చెప్పేటప్పుడు ప్రేరణ చెప్పడం మేలా, సామగ్రి చెప్పడం మేలా, అసలేమీ చెప్పకుండా ఊరుకోవడం మేలా అన్నది ఆ రోజు నుంచీ నా మనసులో నలుగుతూనే ఉంది.

ముందు ప్రేరణ సంగతి. అందరూ అడిగేది దీని గురించే. “ఈ ఆలోచన మీకెలా వచ్చింది?” అన్న ప్రశ్న లేకుండా ఏ కళాకారుడి ఇంటర్వ్యూ సాగదు. అడగడంలో తప్పేమీ లేదు. చిక్కల్లా జవాబుతోనే. పని మొదలుపెట్టినప్పుడు మనసులో ఉన్నదొకటి, పని నడుస్తుండగా చేతికి దొరికేది ఇంకొకటి. ఆరు నెలల తర్వాత కాన్సెప్ట్ నోట్ రాయడానికి కూర్చుంటే ఆ రెండూ కలిసిపోయి, వినడానికి బాగుండే మూడోది తయారవుతుంది. ‘అస్తిత్వం’, ‘అన్వేషణ’, ‘అంతర్మథనం’ లాంటి మాటలు అప్పుడే వచ్చి చేరతాయి. ఒక చిత్రం పక్కనున్న కార్డు తీసి ఇంకో చిత్రం పక్కన పెట్టినా ఎవరికీ తేడా తెలియదంటే, ఆ కార్డు దేని గురించీ ఏమీ చెప్పలేదన్నమాట.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ‘ఇది మా నాన్న మరణం గురించి’ అని ముందే చెప్పేస్తే చూసేవాళ్లు మరణాన్నే వెతుకుతారు. తమకు తోచిన అర్థాన్ని తామే తప్పనుకుని వదిలేసుకుంటారు.

అలాగని ప్రేరణ చెప్పనక్కర్లేదని మాత్రం నేననను. చెప్పకపోతే అసలు పనే లేకుండా పోయే సందర్భాలున్నాయి. ఫెలిక్స్ గొంజాలెజ్-టోరెస్ అనే కళాకారుడు 1991లో చేసిన ఒక కృతి అలాంటిదే. రంగురంగుల కాగితాలు చుట్టిన చాక్లెట్ బిళ్లలు గది మూలన కుప్పగా పోసి ఉంటాయి. ఆ కుప్పకు ఆయన నిర్ణయించిన ఆదర్శ బరువు 175 పౌండ్లు, అంటే సుమారు 79 కిలోలు, దాదాపు ఒక మనిషి బరువు. వచ్చినవాళ్లు తలా ఒకటి తీసుకోవచ్చు. కుప్ప తరుగుతుంది, మ్యూజియం వాళ్లు మళ్లీ నింపవచ్చు. ఇంతవరకూ చెబితే సరదా ఆటలా ఉంటుంది. ఆయన జీవిత సహచరుడు రాస్ అదే ఏడాది ఎయిడ్స్‌తో చనిపోయాడని, ఈ కుప్ప అతని చిత్తరువని తెలిశాక, చేతిలోని బిళ్ల నోట్లో వేసుకోవడానికి మనసొప్పదు. 2022లో షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ ఈ కృతి లేబుల్‌లో రాస్ ఎవరో, ఎయిడ్స్ సంగతేమిటో చెప్పకుండా బరువు గురించి రాసినప్పుడు చూసినవాళ్లు ఊరుకోలేదు, గట్టిగా అడిగారు. లేబుల్ మళ్లీ మార్చారు. అడిగినవాళ్లదే న్యాయం. ఒక మనిషి బొమ్మ పక్కన ఆ మనిషి ఎవరో చెప్పకపోతే ఎలా?

అయినా ఒక్కటి గమనించండి. ఇక్కడ ప్రేరణ మన గుండెకు తగిలేది బరువు ద్వారానే. బిళ్లలు, వాటిని తీసుకునే చేతులు, తరిగిపోయే కుప్ప లేకుండా ‘నా సహచరుడి మరణం నన్ను కదిలించింది’ అని మాత్రమే రాసి ఉంటే అది సానుభూతి తెలిపే ఉత్తరమయ్యేది. సామగ్రి పక్కనే నిలబడినందువల్లే ఆ ప్రేరణకు అంత బలం.

ఇక సామగ్రి. దీన్ని కార్డు మీద చివరి వరుసలో, చిన్న అక్షరాల్లో వేస్తారు: ‘కాన్వాస్ మీద ఆయిల్’, ‘కాగితం మీద అక్రిలిక్’. అంతకన్నా బద్ధకమైన మాట ‘మిక్స్‌డ్ మీడియా’. అంటే ఏవేవో కలిపాం, అడక్కండి అన్నట్టు. నిజానికి చూసేవాళ్లకు తలుపు తెరిచేది ఆ చివరి వరుసే.

ఘనాలో పుట్టి చాలాకాలం నైజీరియాలో పనిచేసిన శిల్పి ఎల్ అనాట్సుయి పనిని దూరం నుంచి చూస్తే బంగారు జరీ తెర జారుతున్నట్టుంటుంది. దగ్గరికెళ్తే అవి మద్యం సీసాల అల్యూమినియం మూతలు. సాగగొట్టి, మడిచి, రాగి తీగతో ఒకదానికొకటి కుట్టినవి. ఆ సంగతి తెలియగానే ప్రశ్నలు వాటంతటవే వస్తాయి. ఎన్ని వేల మూతలు? ఎవరు తాగారు? మద్యమే ఎందుకు? ఐరోపా వర్తకులు ఆఫ్రికా తీరానికి తెచ్చిన సరుకుల్లో మద్యం ఒకటనీ, దానికి బానిస వ్యాపారంతో ముడి ఉందనీ ఆయన చెప్పేటప్పటికి మనం సగం దారిలో ఎదురొచ్చి ఉంటాం. దేనితో చేశారో చెబితే ఎందుకు చేశారన్నది మనమే అడుగుతాం. ఎందుకు అన్నదానితో మొదలుపెడితే మాత్రం దేనితో అని అడగాలని ఎవరికీ తోచదు.

సామగ్రి చెప్పడంలో ఇంకో లాభం ఉంది, అది కళాకారుడు పోయాక తెలుస్తుంది. చిత్రకారుడు వాన్ గో తన పడకగది చిత్రం గురించి 1888 అక్టోబర్‌లో తమ్ముడు థియోకు రాసిన ఉత్తరం చూడండి. గోడలు లేత వంకాయ రంగు, మంచం, కుర్చీలు తాజా వెన్న పసుపు, దుప్పటి ఎర్రెరుపు, కిటికీ ఆకుపచ్చ అంటూ ఒక్కొక్కటీ లెక్క రాసినట్టు రాశాడు. చూడగానే విశ్రాంతి స్ఫురించాలన్న కోరికను కూడా అదే ఉత్తరంలో చెప్పాడు. ఈ రోజు ఆ చిత్రం ముందు నిలబడితే గోడలు నీలంగా ఉంటాయి! ఆయన వాడిన ఎరుపు వెలుతురుకు నిలవని రకం. వంకాయ రంగులోంచి ఎరుపు వెలిసిపోయి నీలం మిగిలింది. ఉత్తరం లేకపోతే ఆ నీలమే ఆయన కోరుకున్న రంగు అనుకునేవాళ్లం, దాని మీద ఎన్నో వ్యాసాలు కూడా రాసుకునేవాళ్లం. విశ్రాంతి గురించిన వాక్యం అందంగా ఉంది, నాకూ ఇష్టమే. కానీ ఆ గదిని ఆయన ఎలా చూశాడో మనకు అప్పగించింది రంగుల లెక్కే.

సామగ్రితోనూ ప్రమాదం లేకపోలేదు. ‘మూడేళ్లు పట్టింది, పదివేల ముక్కలు అతికించాను’ అని శ్రమ లెక్క చెప్పడం మొదలుపెడితే చూసేవాళ్లు అబ్బో అని ఆశ్చర్యపోయి, పనిని చూడటం మర్చిపోతారు. ఏ ముక్క ఎందుకు ఎంచుకున్నారో, ఏది మొండికేసిందో, ఏది చేతికి లొంగక దారి మార్చాల్సి వచ్చిందో చెబితే పని తెలుస్తుంది. అంకె మాత్రమే చెబితే తెలిసేది ఓపిక.

చెప్పే పద్ధతిలో కూడా ఎంపిక ఉంది. రాయడమా, ఎదురుగా నిలబడి మాట్లాడటమా, వీడియోనా? మాట్లాడటమే మేలని నా అనుభవం. మసి చిత్రకారిణి కార్డు మీద రాసినప్పుడు భారంగా మారిన మనిషే, నోటితో చెప్పినప్పుడు చెక్క బద్ద దాకా వచ్చింది. కాగితం ముందు కూర్చుంటే ఎవరో పెద్దమనుషులు చదువుతారన్న టెన్షన్ ఉంటుంది. ఎదుట మనిషి ఉంటే అతను చూపు నిలిపిన చోటు నుంచే మొదలుపెడతాం. రాయక తప్పనప్పుడు ముందు ఒక స్నేహితుడికి చెబుతూ ఫోన్‌లో రికార్డు చేసి, దాన్ని విని రాయమని తెలిసిన కళాకారులకు చెబుతుంటాను. అలా రాసిన కార్డుల్లో శూన్యం అన్న మాట దాదాపు రాదు.

వీడియో పనికొచ్చేది చేసే తీరును చూపడానికి. 2010లో లండన్‌లోని టేట్ మోడర్న్ మ్యూజియంలో చైనా కళాకారుడు ఐ వైవై పది కోట్ల పొద్దుతిరుగుడు గింజలు పరిచారు. నేల మీద చూస్తే మామూలు గింజలే. కానీ ప్రతిదీ పింగాణీతో చేసి, చేత్తో చారలు దిద్దినది. చైనాలోని జింగ్‌డెజెన్‌లో సుమారు 1,600 మంది ఆ పని చేశారు. వాళ్లు పని చేస్తుండగా తీసిన చిత్రాన్ని ప్రదర్శనలో పక్కనే వేశారు. ఒక్కో గింజ మీద బ్రష్ మూడు నాలుగుసార్లు కదలడం చూసి, తిరిగి నేల వైపు చూస్తే తల తిరగాల్సిందే. అది రాతతో అయ్యే పని కాదు.

మిగిలింది మౌనం. దీనికి గౌరవం ఎక్కువ. ‘బొమ్మే మాట్లాడాలి’ అన్న మాటలో నిజం కూడా ఉంది. ‘గెర్నికా’ అనే తన చిత్రంలోని ఎద్దుకూ గుర్రానికీ స్థిరమైన అర్థం చెప్పడానికి పికాసో ఇష్టపడేవాడు కాదు. ఆ మౌనం ఆ చిత్రానికి మేలే చేసింది. అయితే అది పూర్తి మౌనం కాదు. 1937 ఏప్రిల్ 26న బాంబులు పడిన స్పెయిన్ ఊరి పేరే శీర్షికగా పెట్టాడు. ఆ ఒక్క పేరూ చెప్పాల్సింది చెప్పింది. ప్రేరణ విషయంలో నాకు నచ్చే కొలత అదే: ఒక పేరు, లేదా ఒక్క వాక్యం. మిగతా చోటంతా సామగ్రికి ఇవ్వాలి, అది కూడా ముందు రావాలి. ప్రేరణ గురించి అసలు నోరు విప్పకపోయినా సరే, ఒప్పుకుంటాను. సామగ్రి గురించి మౌనం మాత్రం వద్దు.

అమెరికా చిత్రకారుడు మార్క్ రాత్కో కూడా పోనుపోను తన చిత్రాలను వివరించడం మానేశాడు. హార్వర్డ్ విశ్వవిద్యాలయం కోసం ఆయన గీసిన పెద్ద చిత్రాలు అయిదింటిని 1964లో ఒక భోజనాల గదిలో పెట్టారు. వాటిలోని ఎరుపు లిథాల్ రెడ్ అనే రంగు, ఎండకు ఇట్టే వెలిసిపోతుంది. పెద్ద కిటికీల వెలుతురులో ఆ ముదురు ఎరుపులు పాలిపోయాయి, కొన్నిచోట్ల నీలం తేలింది. 1979లో వాటిని దించి చీకటి గదిలో దాచారు. అసలు రంగు ఏమిటో పట్టుకోవడానికి నిపుణులు 1964 నాటి ఫోటోలను ఆశ్రయిస్తే, ఆ ఫోటోలూ రంగు దిగిపోయి ఉన్నాయి. వాటిని కంప్యూటర్‌లో సరిచేసి, గోడెక్కకుండా మిగిలిపోయిన ఆరో చిత్రాన్ని దగ్గర పెట్టుకుని పోల్చి చూడాల్సి వచ్చింది. చివరికి 2014లో చిత్రాల మీద చుక్క రంగు వేయకుండా, పోయిన రంగును ప్రొజెక్టర్ల వెలుగుతో వాటి మీద పరిచి ప్రదర్శించారు. రోజూ సాయంత్రం నాలుగింటికి ఆ ప్రొజెక్టర్లు ఆపేసేవారు. గోడ మీద మిగిలింది ఏమిటో చూడటానికి జనం ఆ వేళకే వచ్చి నిలబడేవారు.